తిండి పండగకు టికెట్ కొనేముందు పంట సంగతి కనుక్కోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఈ ఏడాది ఇంటిల్లిపాదీ రెండు ఫుడ్ ఫెస్టివల్స్‌కి వెళ్ళారు. రెండు చోట్లా గంటల కొద్దీ క్యూలో నిలబడ్డారు, చేతిలో డబ్బు మంచినీళ్ళలా ఖర్చయింది, తీరా తిన్నది ఎక్కడైనా దొరికే తిండే. ఇంట్లో ఇద్దరు శాకాహారులు, ఆరేళ్ళ పాప ఉన్నారన్నారు. పనిగట్టుకుని వెళ్ళదగిన పండగను ఎలా ఎంచుకోవాలి, ఎప్పుడు వెళ్ళాలి, మూడు రోజుల పాస్ తీసుకుంటే లాభమా అన్నవి మీ ప్రశ్నలు.

నేను పదిహేనేళ్ళుగా ఇలాంటి పండగలకు తిరుగుతున్నాను. కొన్నిచోట్ల వాలంటీర్‌గా వడ్డన కూడా చేశాను. మీకు జరిగింది చదవగానే అర్థమైంది. మీరు వెళ్ళినవి తిండి పండగలు కావు, స్టాళ్ళ వరసలు. ఖాళీ మైదానాన్ని ఎవరో అద్దెకు తీసుకుంటారు, స్టాళ్ళకు రేటు కట్టి అమ్ముతారు, సాయంత్రానికి ఒక మ్యూజిక్ షో పెడతారు. అద్దె రాబట్టుకోవాలి కాబట్టి స్టాల్ వాళ్ళు త్వరగా అమ్ముడుపోయేదే వండుతారు. వాళ్ళను తప్పుపట్టను, అది వాళ్ళ బతుకుతెరువు. కాని అలాంటి చోట కొత్త రుచి వెతకడం, ఎడారిలో బావి తవ్వడం లాంటిది.

అసలు పండగ ఒక పంట చుట్టూనో, ఒక నమ్మకం చుట్టూనో పుడుతుంది. పంట చేతికొస్తుంది, ఊరంతా ఊపిరి పీల్చుకుంటుంది, అందరూ కలిసి వండుకు తింటారు. బయటివాళ్ళు వచ్చినా రాకపోయినా అది జరుగుతుంది. నేను చూసే గుర్తు ఇదొక్కటే: పండించినవాళ్ళు, వండేవాళ్ళు, తినేవాళ్ళు ఒకే చోటివాళ్ళా కాదా? అవునంటే ఎంత చిన్న పండగైనా వెళ్తాను. కాదంటే ఎంత పెద్ద పేరున్నా వెళ్ళను.

ఇటలీలో వీటిని ‘సాగ్రా’ అంటారు. పుట్టగొడుగులకొక సాగ్రా, చెస్ట్‌నట్ గింజలకొకటి, ఏదో ఒక ఊరి ప్రత్యేక వంటకానికి ఒకటి, ఇలా ఎన్నో. చాలావాటిని ఊరి స్వచ్ఛంద సంఘమే నడుపుతుంది. మామూలుగా ఎలా ఉంటుందంటే, పొడుగాటి బల్లలు వేస్తారు. ముందు మీ చేతికి వంటకాల పేర్లు అచ్చేసిన ఒక కాగితం ఇస్తారు. మీకు కావలసిన వాటి పక్కన టిక్కు పెట్టి, గల్లాపెట్టె దగ్గర డబ్బు కట్టి, రసీదు పట్టుకుని వంటశాల కిటికీ దగ్గరికి వెళ్ళాలి. ముక్కూ మొహం తెలియనివాళ్ళ పక్కన కూర్చుని తినాలి. లోపల వండేది ఊళ్ళో అమ్మమ్మలు, వడ్డించేది ఊరి పిల్లలు. వంటకాల జాబితా చిన్నదిగా ఉంటుంది. ఆ చిన్న జాబితా చూసి నిరాశపడకండి. నా లెక్కలో అది మొదటి మంచి శకునం. నూట యాభై రకాలు ఉన్నాయని ప్రకటన ఇచ్చే చోట ఒక్కటీ శ్రద్ధగా వండరు.

అలాగే పేరులో తిండి ఉన్నదల్లా తినే పండగ కాదు. స్పెయిన్‌లో బున్యోల్ అనే ఊళ్ళో ఆగస్టు చివరి బుధవారం జరిగే ‘లా టొమాటినా’ గురించి వినే ఉంటారు. 1945లో మొదలైంది, జనం తట్టుకోలేక 2013 నుంచి టికెట్ పెట్టారు. అక్కడ టమాటాలు ఒకరి మీద ఒకరు విసురుకుంటారు, తినరు. సరదా కావాలంటే వెళ్ళండి. ఆరేళ్ళ పాపతో మాత్రం వద్దు.

ఇక తేదీల సంగతి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

కొన్ని పండగల తేదీ క్యాలెండర్‌లో ఖాయంగా ఉంటుంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో మార్చి నాలుగో ఆదివారం ‘మేపుల్ సండే’ జరుగుతుంది, 1983 నుంచీ ఉంది. ఆ రోజు మేపుల్ చెట్ల రసం కాచి సిరప్ తీసే రైతులు తమ రసం కాచే షెడ్లను అందరికీ తెరిచిపెడతారు. మార్చే ఎందుకంటే, రాత్రి గడ్డకట్టే చలి, పగలు మంచు కరిగేంత ఎండ, రెండూ ఉన్న రోజుల్లోనే చెట్టులో రసం పారుతుంది. సుమారు 40 లీటర్ల రసం కాస్తే ఒక లీటరు సిరప్ మిగులుతుంది. ఆ షెడ్డులోకి అడుగు పెట్టగానే కళ్ళద్దాలు తెల్లగా మసకబారతాయి, గాలే తియ్యగా ఉంటుంది. కాని వాతావరణం క్యాలెండర్ చూసుకోదు. ఆ వారం చలి మరీ ఎక్కువైతే రసం పారదు, కొన్ని షెడ్లలో పొయ్యి వెలగదు. సీసాలో సిరప్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. మీరు చూడాలనుకున్నది మరుగుతున్న రసాన్ని కదా, అందుకే బయలుదేరేముందు ఒక ఫోన్ చేసి ‘ఈ వారం కాస్తున్నారా?’ అని అడగాలి.

కొన్ని చాంద్రమానం ప్రకారం నడుస్తాయి. థాయిలాండ్‌లోని ఫుకెట్ శాకాహార పండగ చైనా పంచాంగం తొమ్మిదో నెల మొదటి తొమ్మిది రోజులు. మన తేదీల్లో ఏటా ముందుకూ వెనక్కూ జరుగుతుంది, ఎక్కువగా సెప్టెంబరు చివర, అక్టోబరు మధ్య వస్తుంది. పోయినేడాది ఎవరో రాసిన తేదీ చూసి విమానం టికెట్ కొంటే అంతే సంగతులు.

పేరు నమ్మి మోసపోయేవీ ఉన్నాయి. జర్మనీలో మ్యూనిక్ నగరపు బీరు పండగ ‘అక్టోబర్‌ఫెస్ట్’ 1810లో ఒక రాజకుమారుడి పెళ్ళి వేడుకగా అక్టోబరులోనే పుట్టింది. తర్వాత మంచి వాతావరణం కోసం ముందుకు జరిపారు. ఇప్పుడు సెప్టెంబరు మధ్యలో మొదలై అక్టోబరు మొదటి రోజుల్లోనే ముగుస్తుంది. పేరు చూసి అక్టోబరు మధ్యలో వెళ్తే, విప్పుతున్న డేరాలు కనిపిస్తాయి.

తేదీ కుదిరినా సరుకు కుదరని ఏళ్ళూ ఉంటాయి. టోక్యోలో మెగురో ప్రాంతంలో శరదృతువులో సాన్మా అనే చేపల పండగ చేస్తారు. బొగ్గుల మీద చేపను కాల్చి, ఉచితంగా పెడతారు, క్యూలు గంటల తరబడి సాగుతాయి. ఈమధ్య ఏళ్ళలో ఆ చేప వేట బాగా పడిపోయింది. 2019లో అంతకు ముందు ఏడాది ఫ్రీజ్ చేసిన చేపతో కూడా పండగ నడపాల్సి వచ్చింది. అందుకే నేను పండగ తేదీ కంటే ముందు ఆ ఏడాది పంట ఎలా ఉందో, వేట ఎలా ఉందో చూస్తాను. వానలు వెనకబడ్డాయా, కోత ఆలస్యమా, అనే స్థానిక వార్తలు ఒక్క పది నిమిషాలు చదివితే చాలు. పండగ నిర్వాహకుల పేజీ ఎప్పుడూ ‘రండి, రండి’ అనే అంటుంది.

మరో చిట్కా. ఎక్కువ రోజులు సాగే పండగలకు మొదటి వారాంతం వెళ్ళకండి. ఇటలీలో ఆల్బా ఊళ్ళో తెల్ల ట్రఫుల్ సంత శరదృతువులో వారాల తరబడి జరుగుతుంది. ట్రఫుల్ అంటే చెట్ల వేళ్ళ దగ్గర మట్టిలో పెరిగే ఒక రకం శిలీంధ్రం, కుక్కలతో వాసన పట్టించి తవ్వి తీస్తారు. జనం ప్రారంభానికి ఎగబడతారు. నవంబరులో మామూలు వారాంతంలో వెళ్ళినవాళ్ళకు చలి ముదిరి సరుకూ బాగుంటుంది, అమ్మేవాళ్ళకు నాలుగు మాటలు చెప్పే తీరికా ఉంటుంది. అక్కడ కొనకపోయినా ఫర్వాలేదు, వాసన చూడనిస్తారు. కొనేవాళ్ళు కూడా ముందు ముక్కు దగ్గర పెట్టుకునే బేరం మొదలుపెడతారు.

మీ శాకాహారం గురించి చెప్పేముందు, ఒక పండగను దగ్గరగా చూపిస్తాను. మీ ఇంట్లోవాళ్ళందరికీ సరిపడేది అదేనని నాకు అనిపించింది.

స్పెయిన్ కాటలోనియాలో వాల్స్ అనే ఊరు. జనవరి చివరి ఆదివారం అక్కడ ‘కల్సొటాడా’ జరుగుతుంది. కల్సొట్ అంటే ఒక రకం ఉల్లికాడ. ఉల్లిగడ్డను మళ్ళీ నాటి, మొలకలు పైకొస్తున్న కొద్దీ మొదలు చుట్టూ మట్టి ఎగదోస్తూ ఉంటారు. ఎండ తగలకపోవడం వల్ల కాడ తెల్లగా, పొడుగ్గా, తియ్యగా తయారవుతుంది. అలా మట్టి ఎగదోయడాన్ని అక్కడి భాషలో ‘కల్సార్’ అంటారు, పేరు దాన్నుంచే వచ్చింది. కత్తిరించిన ద్రాక్ష తీగలు ఎండబెట్టి మంట వేస్తారు. ఆ మంట మీద ఇనప జల్లెడలాంటి చట్రం, దాని మీద వరసగా ఉల్లికాడలు. పై పొర బొగ్గులా నల్లగా మాడేదాకా తియ్యరు. నేను మొదటిసారి చూసినప్పుడు, అయ్యో మాడిపోతోందే అనుకున్నాను. తర్వాత వాటిని కట్టలుగా న్యూస్‌పేపర్లో చుట్టి పక్కన పెడతారు, ఆ వేడికి లోపల మగ్గుతాయి. వడ్డించేది ఇంటి కప్పు మీది వంపు పెంకులో. వేడి నిలవడానికి అదే మంచి పళ్ళెం.

తినడం ఒక విద్య. పక్కన కూర్చున్న పెద్దావిడ నాకు చేసి చూపించింది. ఎడమ చేత్తో మాడిన మొదలు పట్టుకుని, కుడి చేత్తో పైనున్న ఆకుపచ్చ కొసను పట్టి ఒక్క లాగు లాగితే నల్ల పొర అంతా తొడుగులా ఊడొస్తుంది. లోపలి తెల్లటి కాడ నిగనిగలాడుతూ, వేడి ఆవిరి కక్కుతూ ఉంటుంది. దాన్ని బాదం, హేజల్ గింజలు, కాల్చిన టమాటా, వెల్లుల్లి, ఎండు మిరప, నూనె కలిపి నూరిన పచ్చడిలో ముంచి, తల వెనక్కి వాల్చి, పైనుంచి నోట్లోకి దించుకోవాలి. అందరికీ మెడలో గుడ్డ కడతారు, అయినా మోచేతుల దాకా మసి, పచ్చడి. మూడో కాడకు నా చెయ్యి తిరిగింది. నూనెతో నూరిన ఆ పచ్చడి చేసినావిడను అడిగితే, గింజలు ఎంత వేయించాలో వేలితో గాల్లో రంగు గీసినట్టు చూపించింది. అక్కడ ఎవరు ఎన్ని తింటారో పోటీ కూడా పెడతారు. నేను మాత్రం ఆ పెద్దావిడ పక్కనే సాయంత్రం దాకా కూర్చున్నాను. ఇదే భోజనం ఆ ప్రాంతంలో చలికాలమంతా దొరుకుతుంది, కాబట్టి ఆ ఆదివారం కుదరకపోతే ఫిబ్రవరిలో వెళ్ళినా రుచిలో లోటుండదు. కాడల తర్వాత మామూలుగా కాల్చిన మాంసం వడ్డిస్తారు. ముందే చెబితే దాని బదులు కాల్చిన ఆర్టిచోక్‌లు (కూరగాయగా తినే ఒక రకం పూమొగ్గలు) అడగొచ్చు.

ఇప్పుడు శాకాహారం. విదేశాల్లో ‘ఇందులో మాంసం ఉందా?’ అని అడిగితే చాలదని నాకు చేదు అనుభవమే నేర్పింది. ఒక పండగలో చిక్కుడు గింజల సూప్ తీసుకున్నాను. మాంసం లేదన్నారు. నిజమే, ముక్కలు లేవు. సగం తాగాక తెలిసింది, గింజలు ఉడికించింది పంది ఎముకతో. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, నేనే ప్రశ్న సరిగ్గా అడగలేదు. అప్పటినుంచి మూడు విషయాలు విడివిడిగా అడుగుతాను: ఏ నీళ్ళలో, ఏ రసంలో ఉడికించారు? ఏ కొవ్వులో వేయించారు? సాస్‌లో చేప, రొయ్య ఉన్నాయా? ఈ మూడు ప్రశ్నలూ స్థానిక భాషలో ఒక కార్డు మీద రాయించుకుని జేబులో పెట్టుకోండి. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు కదా, పండగలో పరాయివాళ్ళు ఊహించుకుని చెప్పరు.

ఫుకెట్ పండగ ఈ విషయంలో ఒక వరం. ఆ తొమ్మిది రోజులూ పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న స్టాళ్ళలో మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. జెండా చూసుకుని నిశ్చింతగా తినొచ్చు. కాని అది మొక్కులు తీర్చుకునే పండగ అని మరిచిపోకండి. ఊరేగింపుల్లో భక్తులు పూనకంతో బుగ్గల్లో శూలాలు గుచ్చుకుని నడుస్తారు, చెవులు చిల్లులు పడేలా టపాసులు పేలుతాయి. మీ పాపను ఊరేగింపు దారికి తీసుకెళ్ళొద్దు, గుడి చుట్టుపక్కల తిండి వీధులు చాలు. వీలైతే తెల్లబట్టలు వేసుకోండి, అక్కడ పాల్గొనేవాళ్ళు వేసుకునేది అదే. ఫోటో తీసేముందు కళ్ళతోనే ఒకసారి అడగండి.

అలర్జీ ఉంటే ఇంకా జాగ్రత్త. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 14 రకాల అలర్జీ పదార్థాల వివరం అడిగినవాళ్ళకు తెలియజేయాలని 2014 డిసెంబరు నుంచి నియమం ఉంది, విడిగా అమ్మే తిండికీ అది వర్తిస్తుంది. అయితే గ్రామ పండగలో వంటశాల ఒకటే, గరిటెలూ అవే. పైన చెప్పిన పచ్చడి చూడండి, చూడ్డానికి టమాటా పచ్చడే, లోపలంతా గింజలు. పాపకు గింజల అలర్జీ ఉంటే వాల్స్ ఆలోచన వదిలేయండి.

వెళ్ళిన రోజు ఏం చేయాలో నా అలవాటు చెబుతాను. తెరిచిన మొదటి గంటలో చేరుకుంటాను. ఖాళీ కడుపుతో వెళ్ళను, ఏదైనా తేలిగ్గా తినే వెళ్తాను. మరీ ఆకలితో వెళ్తే మొదటి స్టాల్ దగ్గరే కడుపు నింపేసుకుంటాం. లోపలికి వెళ్ళాక అరగంట ఏమీ కొనకుండా మొత్తం ఒక చుట్టు తిరుగుతాను. ఎవరు అప్పటికప్పుడు వండుతున్నారు, ఎవరు పొద్దున చేసి తెచ్చి పెట్టారు, ఏ క్యూలో స్థానికులు ఉన్నారు, ఏ క్యూలో కెమెరాలు ఉన్నాయి, ఇవన్నీ ఆ చుట్టులోనే తేలిపోతాయి. తర్వాత నలుగురికీ కలిపి ఒక్క ప్లేటు కొంటాను. తలా రెండు ముద్దలు వస్తాయి, నచ్చితే ఇంకోటి. తీపి, కారం, పొగ వాసన ఉన్నవి చివర్లో. ముందే తింటే తర్వాతవేవీ నాలుకకు అందవు. చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి, పల్లె పండగల్లో కార్డు మిషన్ ఉండకపోవచ్చు, ఉన్నా జనం ఎక్కువై సిగ్నల్ పోవచ్చు. ఒక డబ్బా, రెండు చెంచాలు, తడి గుడ్డ, నీళ్ళ సీసా వెంట తీసుకెళ్ళండి.

శుభ్రత గురించి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు, కాని ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. వండిన వేడి పదార్థం 60 డిగ్రీల పైన ఉండాలి, చల్లగా ఉంచాల్సింది 5 డిగ్రీల లోపల ఉండాలి. ఆ మధ్యలో రెండు గంటలకు మించి ఉన్నది ముట్టుకోకండి, మండుటెండలో అయితే గంటే. థర్మామీటర్ లేకపోయినా, వేడిగా ఉండాల్సిన దాని నుంచి ఆవిరి రావడం లేదంటే అనుమానించండి. పచ్చివి తినే పండగలకు ఇది మరీ ముఖ్యం. ఐర్లండ్‌లోని గాల్వేలో 1954 నుంచి సెప్టెంబరు చివర్లో ఆయిస్టర్ల (ఒక రకం సముద్రపు గుల్లల) పండగ జరుగుతుంది. అక్కడి నాటు ఆయిస్టర్లు ఎండాకాలంలో గుడ్లు పెట్టి, సెప్టెంబరుకు మళ్ళీ కండ పడతాయి, సీజన్ తెరుచుకునేది అప్పుడే. సీజన్ కాని రోజుల్లో, సముద్రానికి దూరంగా ఇంకెవరో అదే పేరుతో పండగ పెడితే దాటుకుని వెళ్ళిపోండి.

పాప విషయానికొస్తే, ఆరేళ్ళ పిల్లలకు తినడం కంటే చూడడం, చేయడం ఇష్టం. అందుకే స్టాళ్ళున్న పండగ కంటే పొలమో, షెడ్డో, గానుగో తెరిచి చూపించే పండగ ఎంచుకోండి. మేపుల్ సిరప్ తయారయ్యే అమెరికాలోని వెర్మాంట్ లాంటి చోట్ల చిక్కగా కాచిన సిరప్‌ను తాజా మంచు మీద పోస్తారు, అది సాగే పాకంలా గట్టిపడుతుంది, పిల్లలు పుల్లతో చుట్టుకుని తింటారు. మొహం మొత్తకుండా పక్కన పుల్లటి దోసకాయ ఊరగాయ ఇస్తారు. పెద్దలు దాన్ని చూసి మొహం చిట్లిస్తారు, పిల్లలు మాత్రం మంచు, పాకం, ఊరగాయ మూడూ వరసగా లాగించేస్తారు. ఫ్రాన్స్‌లో ఎస్పెలెట్ మిరప పండగ కూడా పిల్లలకు బాగుంటుంది. అక్టోబరు చివరి వారాంతంలో చేస్తారు, ఇళ్ళ గోడల నిండా ఎర్ర మిరప దండలు వేలాడుతుంటాయి. ఆ మిరప పెద్ద కారం కాదు, రుచి చూపించొచ్చు. మధ్యాహ్నం రెండు దాటాక పిల్లలు అలసిపోతారు, ఆలోపే ముగించుకోండి.

ఇంటికి తెచ్చుకునేటప్పుడు తాజా కాయలు, మొక్కలు, గింజలు దేశం దాటించడానికి చాలాచోట్ల అనుమతి ఉండదు. ఎండబెట్టినవి, సీసాల్లో పెట్టినవి కొనండి, వాటికైనా నిబంధనలు ముందు చూసుకోండి.

చివరగా మూడు రోజుల పాస్. తీసుకోవద్దు. పాస్ చేతిలో ఉంటే, డబ్బు పోతుందని మూడు రోజులూ అదే మైదానంలో తిరుగుతారు. ఒక్క రోజుకే టికెట్ కొనండి. రెండో రోజు ఆ పంట పండే పల్లెకు వెళ్ళండి, మొదటి రోజు మీకు వడ్డించినవాళ్ళలో ఒకరినైనా ‘మీ పొలం ఎటువైపు?’ అని అడిగి పెట్టుకోండి. నేను అడిగినవాళ్ళలో చాలామంది ‘రేపు పొద్దున రండి’ అన్నారు. మూడో రోజు పాపకు నిద్ర కావాలి, ఖాళీగా ఉంచండి. ఏ నెలలో సెలవు దొరుకుతుందో, ఎటువైపు వెళ్ళే వీలుందో రాయండి. ఆ నెలలో ఏ పంట చేతికొస్తుందో చూసి, ఒకటి రెండు పేర్లు చెబుతాను.